గుర్రం కడుపుల మంట: గోలీతోని సగమే ఆరుతది, మిగతా సగం గడ్డితోని

పోయిన పెండ్లిళ్ల సీజన్ల పక్కూర్ల ఒక బారాత్‌కు పోయిన. డీజే మోగుతున్నది, పటాకులు పేలుతున్నయి, పెండ్లిపిలగాడు గుర్రమెక్కుడే ఆలస్యం. గుర్రపాయన జీను సదిరి, పొట్ట కింది పట్టా గట్టిగ గుంజిండు. గుంజంగనే గుర్రం మెడ గిర్రున తిప్పి ఆయన భుజం మీదికి పండ్లు చాపింది. పిల్లలు ఒక్కటే నవ్వుడు. "దీనికి పొగరెక్కింది" అనుకుంట ఆయన దాని మూతి మీద ఒక్కటి ఇచ్చిండు.

బారాత్ అయిపోయినంక చెట్టు కింద బీడీ ముట్టిచ్చుకుంట కూసున్నడు. కదిలిస్తే చెప్పిండు. "రెండు నెలలకెల్లి గిట్లనే చేస్తున్నది బిడ్డా. గుగ్గిళ్లు సగం తిని వదిలేస్తది. గడ్డి వేస్తే మాత్రం తింటది. బొక్కలు తేలినయి, బొచ్చు మెరుపు పోయింది. అప్పుడప్పుడు తిన్నంక కాలితోని నేల గీరుతది. నొప్పుల సూది వేస్తే రెండు రోజులు మంచిగుంటది, మల్ల గదే కథ."

నాకు ఆ ముచ్చట్ల అన్నిటికంటె ఎక్కువ గుచ్చుకున్నది ఆ చివరి మాట, నొప్పుల సూది. ఆయన చెప్పినవన్నీ కలిపి చూస్తే పొగరు కాదు, కడుపుల పుండు అయ్యుండొచ్చు. అల్సర్. అల్సర్‌కు నొప్పుల సూది వేస్తే పుండు మీద కారం చల్లినట్టే. ఆ సంగతికి తర్వాత వస్త.

గుర్రాల ముచ్చట ఇప్పుడెందుకంటరా? మన ఊర్లల్ల గుర్రాలు మల్ల కనవడుతున్నయి. బారాత్ గుర్రాలు ఎన్కటి నుంచి ఉన్నయే. కొత్తగ ఏందంటే, సరదా కొద్ది గుర్రం తెచ్చుకునే పోరగాండ్లు తయారైండ్రు. నాందేడ్ జిల్లా మాళెగావ్ జాతరకో, ఇంక దూరం పోయి నందుర్‌బార్ జిల్లా సారంగ్‌ఖేడా సంతకో పోతరు, బేరమాడి ట్రాలీల ఎక్కించుకొని వస్తరు. రీల్స్ చేస్తరు. చెయ్యనియ్యుండ్రి, తప్పు లేదు. గాని తెచ్చి ఏడ కడ్తరు? బర్రెల కొట్టంల, బర్రె పక్కన. ఎట్ల మేపుతరు? బర్రె లెక్కనే, పొద్దుగాల ఒకసారి, పొద్దుమీకి ఒకసారి. గుర్రానికి సగం రోగం గక్కడనే మొదలైతది.

ఎద్దు, బర్రె సంగతి మనకు తెలుసు. గబగబ మేసి వచ్చి నీడకు పంటయి, నెమరేస్తయి. వాటి కడుపుకు నాలుగు అరలు. మొదటి అరనే వంద లీటర్లకు పైన పడుతది. మేత అండ్లనే నిలువ ఉంటది కాబట్టి నాలుగు గంటలు తొట్టి ఖాళీగ ఉన్నా వాటికి ఫరక్ పడదు. ఇంకో సంగతి, మేసినా మేయకున్నా పశువు నోట్లె ఉమ్మి ఊరుతనే ఉంటది.

గుర్రానికి గివేమీ లేవు. నెమరు లేదు. కడుపు ఒక్కటే అర, అది సుత 8 నుంచి 15 లీటర్లు, అంటే మన ఇంట్ల నీళ్ల బిందె అంత. ఒళ్లేమో మూడు నాలుగు క్వింటాళ్లు. అడవిల, బీడుల వదిలిపెడితే గుర్రం రోజుకు 16 గంటల దాకా కొంచెం కొంచెం మేసుకుంటనే తిరుగుతది. దాని కడుపు ఆ పద్ధతికే తయారైంది. మనకు అన్నం ముందటికి వస్తే యాసిడ్ జోరుగ ఊరుతది. గుర్రానికి తిన్నా తినకున్నా, పగలూ రాత్రీ, గంటకు లీటరు పైనే జఠరరసం ఊరుకుంటనే ఉంటది. నల్లా ఇప్పి మరిచిపోయినట్టు.

ఆ యాసిడ్‌ను చల్లార్చేది ఉమ్మి. దాంట్ల సోడా లాంటి క్షారం ఉంటది. అయితే గుర్రానికి నమిలితేనే ఉమ్మి ఊరుతది, నమలకుంటే లేదు. కిలో ఎండుగడ్డి నమలాలంటే గుర్రానికి దగ్గర దగ్గర 40 నిమిషాలు పడుతది. కిలో దాణా అయితే 10 నిమిషాలల్ల ఖతం. ఇప్పుడు లెక్క మీరే చేసుకోండ్రి. పొద్దుగాల రెండు కిలోల ఉలవ గుగ్గిళ్లు, సాయంత్రం రెండు కిలోలు, నడుమ ఒక మోపు వరిగడ్డి వేసి, తెల్లారేదాక ఖాళీ తొట్టి ముందు నిలవెడితే దాని కడుపుల ఏమైతున్నట్టు? యాసిడ్ కారుతనే ఉంటది. చల్లార్చే ఉమ్మి రాదు.

ఈ కడుపుల ఇంకో ఇకమతున్నది. కింది రెండొంతులు యాసిడ్‌ను తట్టుకునే పొర, మీద జిగురు పూత ఉంటది. పైన మూడో వంతుకు ఆ పూత ఉండది. అది గొంతు నుంచి దిగే అన్నవాహిక పొర అసుంటిదే, యాసిడ్ తగిలితే కాలుతది. మామూలుగ నిలబడి మేసేటప్పుడు యాసిడ్ కిందనే ఉంటది. గుర్రం దౌడు అందుకున్నదంటే పొట్ట కండరాలు బిగుసుకుంటయి, కడుపు నొక్కుకపోతది, కిందున్న యాసిడ్ పైకి ఎగజిమ్ముతది. సగం నింపిన బకెట్ బండి మీద పెట్టుకొని గతుకుల తొవ్వల పోతే అంచుల మీదికి నీళ్లు ఎట్ల చిల్లుతయో గట్ల. అందుకే పందెం గుర్రాలల్ల ఈ రోగం ఇంటింటి ముచ్చట. 1986ల హాంకాంగ్‌ల 195 పందెం గుర్రాలను చచ్చిపోయినంక కోసి చూసిన లెక్క ఒకటి అచ్చయింది. మూడింట్ల రెండొంతులకు కడుపుల పుండ్లున్నయి. శిక్షణ నుంచి నేరుగ వచ్చినయాట్ల అయితే 10కి 8 గుర్రాలకు. ఆ తర్వాత పొడుగు పైపు కెమెరాలు వచ్చినయి, బతికున్న గుర్రం కడుపులకే తొంగి చూసుడు మొదలైంది. అప్పుడు సుత లెక్క తగ్గలేదు.

"తినిపిచ్చి ఉరికిస్తే కడుపునొప్పి వస్తది, ఖాళీ కడుపుతోని ఉరికియ్యాలె" అని పెద్దలు చెప్తరు. దాణా విషయంల అది నిజమే, గుగ్గిళ్లు దండిగ పెట్టి వెంటనే ఉరికియ్యొద్దు. గడ్డి సంగతి ఉల్టా. సవారీకి అర్ధగంట ముందు రెండు మూడు పిడికిళ్ల గడ్డి పెడితే అది కడుపుల పరక మీద పరక అల్లుకొని తెప్ప లెక్క తేలుతది. కింది యాసిడ్ పైకి చిల్లకుంట ఆపుతది. లూసర్న్ గడ్డి దొరికితే ఇంక మంచిది, దాంట్ల ఉన్న క్యాల్షియం, మాంసకృత్తులు యాసిడ్‌ను కొంత చల్లారుస్తయి.

ఇగ బారాత్ గుర్రాన్ని తలుసుకోండ్రి. పొద్దుమీకి ఆరింటికి జీను కడ్తరు. ట్రాలీల ఎక్కించి ముప్పై కిలోమీటర్లు తీస్కపోతరు. రాత్రి ఒంటిగంట దాకా డీజే, పటాకులు, లైట్లు. నడుమ ఎవలో ఒకలు ప్రేమతోని ఒక లడ్డూ నోట్లె పెడ్తరు. నీళ్లు లేవు, గడ్డి లేదు. ఉపాసం, ప్రయాణం, భయం, నీళ్లు దొరకకపోవుడు. గుర్రం కడుపుల పుండు పడనీకి ఏమేం కావాల్నో పుస్తకాలల్ల రాసినయన్నీ ఒక్క రాత్రిలనే అయిపోతున్నయి. అట్ల సీజన్‌ల వరుసగ పది ముహూర్తాలు.

ఇప్పుడు మందుల ముచ్చట.

ఖాళీ కడుపుతోని పొద్దుగాల వేసుకునే గ్యాస్ గోలీ మన ఊర్ల తెల్వనోళ్లు లేరు. ఓమెప్రజోల్. మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ కంపెనీది ఓమెజ్ అంటే ముసలవ్వ సుత గుర్తు వడ్తది. గుర్రం అల్సర్‌కు ప్రపంచమంత వాడే మొదటి మందు సుత అదే. గుర్రాలకనే పేస్ట్ రూపంల తయారుచేసిన ఓమెప్రజోల్‌కు, గ్యాస్ట్రోగార్డ్ పేరు మీద, అమెరికాల 1999ల అనుమతి వచ్చింది. కడుపు గోడల యాసిడ్‌ను బయటికి తోడే చిన్న చిన్న పంపులుంటయి. ఈ మందు ఆ పంపుల స్టార్టర్లు బంద్ చేస్తది. యాసిడ్ తగ్గితే పుండు దానంతట అదే మానుతది. మందు పుండును మాన్పది, మానే వరకు మంటను ఆపుతది. ఈ తేడా యాదికుంచుకోండ్రి, ముందట పనికొస్తది.

మోతాదు ఎంత? చికిత్సకు పుస్తకాలల్ల ఉన్న లెక్క కిలో బరువుకు 4 మిల్లీగ్రాములు, రోజుకు ఒకసారి, 28 రోజులు. రోగం రాకుంట ముందుగాల ఇయ్యాలంటే కిలోకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు. మరి గుర్రం బరువెంత? మన ఊర్ల వే బ్రిడ్జి మీద ఎక్కిస్తే సరే, లేకుంటే టైలర్ టేపు చాలు. ముందటి కాళ్ల వెనుక నుంచి ఛాతీ చుట్టు కొలవాలె. భుజం ముందటి మొన నుంచి పిర్ర వెనుక మొన దాకా పొడుగు కొలవాలె. రెండూ సెంటీమీటర్లల్ల. చుట్టుకొలతను దానితోనే గుణించి, దాన్ని పొడుగుతోని గుణించి, 11,880తోని భాగిస్తే కిలోలు వస్తయి. చుట్టు 150, పొడుగు 140 ఉన్న గుర్రం సుమారు 265 కిలోలు.

265 కిలోలకు నాలుగు చొప్పున 1,060 మిల్లీగ్రాములు. మనిషి వేసుకునే గోలీ 20 మిల్లీగ్రాములది. అంటే రోజుకు 53 గోలీలు! "డాక్టర్ సాబ్ చెప్పిండు, గ్యాస్ గోలీ పొద్దుకొకటి వేస్తున్న" అన్న గుర్రపోళ్లను నేను చూసిన. ఒక్క గోలీ గుర్రానికి ఏం సరిపోతది, చెరువుల చెంచాడు చక్కెర వేసినట్టు. గోలీ మూడు రూపాయలు అనుకున్నా రోజుకు 159, నెల మందుకు నాలుగున్నర వేల దాకా అయితది. గోలీ కాడ పైసలు మిగిలిద్దామని సగం మోతాదు, సగం రోజులు ఇచ్చేకంటె ఆ పైసలు గడ్డికి పెడితే నయం.

ఇంకో చిక్కు ఉన్నది. యాసిడ్‌ను బంద్ చేసే ఈ మందును యాసిడే తినేస్తది. కడుపుల తడి తగిలితే ఓమెప్రజోల్ పాడైతది. అందుకే మనుషుల గోలీ ఇప్పి చూస్తే సగ్గుబియ్యం కన్న చిన్న పూసలుంటయి, ఒక్కో పూస మీద యాసిడ్‌ను తట్టుకునే పూత ఉంటది. పూస చిన్నపేగుకు పోయినంకనే కరగాలె. మన గుర్రపోళ్లు ఏం చేస్తరంటే గోలీలన్నీ రోట్ల వేసి దంచి గుగ్గిళ్లల్ల కలుపుతరు. పూత పోయింది, మందు పోయింది, పైసలు పోయినయి. పూసలను దంచొద్దు, నీళ్లల్ల నానవెట్టొద్దు, దాణాల కలపొద్దు, కలిపితే గుర్రం కొరికి నలగ్గొడుతది. నాలుక వెనుక పడేటట్టు ఎట్ల పెట్టాల్నో పశువుల డాక్టర్‌ను చూపించమనాలె. ముక్కుల నుంచి పోసుడు, తల పైకెత్తి సీసాతోని తాపుడు మాత్రం చెయ్యొద్దు, ఊపిరితిత్తులల్లకు పోతే గుర్రం దక్కది.

టైం సుత ముఖ్యం. కడుపుల మేత నిండుగ ఉన్నప్పుడు ఇస్తే మందు సరిగ ఒంటపట్టది. పొద్దుగాల మొదటి మేతకు ముందు ఇచ్చి, అర్ధగంట నుంచి గంట ఆగి గడ్డి వేయాలె. ఆ ఒక్క గంట ఉపాసం ఏం కాదు. వారం పది రోజులకే గుర్రం హుషారైతది, దాణా తింటది. అప్పుడే చానామంది మందు ఆపేస్తరు. మంట తగ్గింది గని పుండు మానలేదు. 28 రోజులు అని ఊకనే రాయలేదు. ఆపేటప్పుడు సుత కొందరు డాక్టర్లు ఒక్కసారి ఆపరు, మోతాదు తగ్గించుకుంట వస్తరు. ఎందుకంటే ఇన్ని రోజులు ఆపిన యాసిడ్ ఒక్కసారి పొంగుతదేమోనని.

అన్ని పుండ్లు ఒక తీరు కావు. పైభాగంల పడ్డ పుండు ఓమెప్రజోల్‌కు మంచిగ లొంగుతది, నెల రోజులల్ల నాలుగింట్ల మూడొంతుల గుర్రాలకు మానుతది. కింది భాగంల, జిగురు పూత ఉన్న కాడ పడ్డ పుండు మొండిది, ఆ మందు ఒక్కటే ఇస్తే నాలుగింట్ల ఒకటే మానుతది. దానికి సుక్రాల్ఫేట్ అనే మందు జోడిస్తరు. అది పుండు మీద పట్టీ లెక్క అతుక్కుంటది. కిలోకు 12 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. అది వేరే మందులకు సుత అతుక్కుంటది కాబట్టి ఓమెప్రజోల్ ఇచ్చినంక గంట ఎడంగ ఇయ్యాలె. మిసోప్రోస్టాల్ అనే మందు సుత కింది పుండుకు వాడుతరు. అది మాత్రం జాగ్రత్త తమ్మీ, దాంతోని గర్భం పోతది. ఇంట్ల కడుపుతోనున్న ఆడోళ్లు ఆ గోలీని చేత్తోని సుత ముట్టొద్దు, కట్టిన గుర్రానికి ఇయ్యొద్దు.

పాత మందు రానిటిడిన్ ఉన్నది, రోజుకు మూడుసార్లు ఇయ్యాలె, బలం సుత తక్కువ. ఇగ వంట సోడా, తెల్ల సిరప్పులు, మజ్జిగ. యాసిడ్‌ను చల్లార్చే సిరప్పుల బలం గుర్రం కడుపుల గంటా రెండు గంటలకంటె ఉండది. రోజంత పని చేయాలంటే రోజంత తాపాలె. (పందాలల్ల గుర్రాలకు ముందుగాల సోడా తాపుడు చానా దేశాలల్ల నిషేధం. దానికి మిల్క్‌షేక్ అని ముద్దుపేరు. అది కడుపు కోసం కాదు, గుర్రం అలిసిపోకుంట ఉరకాలని.)

యాంటీబయాటిక్ ఎందుకు ఇయ్యరని ఒక తమ్ముడు అడిగిండు. మంచి ప్రశ్ననే. మనుషుల అల్సర్‌కు హెలికోబ్యాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి కారణమని బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ కనిపెట్టిండ్రు, 2005ల వాళ్లకు నోబెల్ వచ్చింది. అందుకే మనుషులకు యాంటీబయాటిక్ కోర్సు ఇస్తరు. గుర్రం పుండుకు మాత్రం ఆ జీవే కారణమని రుజువు కాలేదు. కాబట్టి మనిషి చిట్టీ పట్టుకపోయి గుర్రానికి మందు కొనొద్దు.

ఇగ ఆ నొప్పుల సూది కాడికి వస్త.

ఫినైల్‌బ్యూటజోన్, ఫ్లూనిక్సిన్, మెలాక్సికామ్. గుర్రానికి కాలు వాచినా, కుంటినా వేసే సూదులు, పొడులు ఇవే జాతివి. ఇవి వాపును పుట్టించే రసాయనాన్ని ఆపుతయి. అదే జాతి రసాయనం కడుపు గోడకు జిగురు పూత పూస్తది, రక్తం అందిస్తది. వాపును ఆపబోయి పూతను సుత ఆపుతయి. డాక్టర్ లెక్కగట్టి నాలుగు రోజులు ఇస్తే గుర్రం తట్టుకుంటది. సీజన్ మొత్తం బారాత్ బారాత్‌కు ఒక సూది పొడిస్తే పొర పల్చబడి పుండ్లు పడుతయి. ఆ పుండ్ల నొప్పికి గుర్రం బాధపడితే మల్ల సూది. సూది దిగినంక కొంచెం నొప్పి తగ్గినట్టు కనవడుతది, అందుకే గుర్రపాయనకు అది మందే అనిపిస్తది. ఈ గానుగల నుంచి ఆయన బయటపడుడు కష్టం. ఎవలూ చెప్పలేదు ఆయనకు. సూది ఇచ్చినోడు సుత చెప్పలేదు.

"గ్యాస్ గోలీ కలిపి ఇస్తే సరిపోతది కదా" అని మనుషుల లెక్క ఆలోచిస్తం. కడుపు వరకు కొంత ఆపుతది. గాని ఫినైల్‌బ్యూటజోన్, ఓమెప్రజోల్ రెండూ కలిపి ఇచ్చి చూసిన ఒక ప్రయోగంల కొన్ని గుర్రాలకు పేగుల ఇబ్బందులు వచ్చినయి. పై మంట ఆపబోతే కింద మంట లేచినట్టు. నొప్పుల మందు అవసరమైతేనే, తక్కువ మోతాదు, తక్కువ రోజులు, ఒక్కటే రకం. రెండు రకాలు కలిపి ఎన్నడూ ఇయ్యొద్దు. డైక్లోఫెనాక్ అయితే పశువులకు ఇచ్చుడే 2006 నుంచి నిషేధం. ఆ మందు పడ్డ కళేబరం తిని రాబందులు చచ్చినయి. మన బెజ్జూరు అడవిల పాలరాపు గుట్ట మీద మిగిలిన రాబందుల కోసమైనా దాన్ని కొట్టంలకు రానియ్యొద్దు.

రోగాన్ని ఎట్ల గుర్తువట్టాలె? అసలు రుజువు ఒక్కటే, మూడు మీటర్ల పైపు కెమెరా కడుపులకు దించి చూసుడు. మండల దవాఖానల అది ఉండది. అందుకని డాక్టర్లు గుర్తులు చూసి అనుమానపడి మందు మొదలువెడ్తరు, తగ్గితే అదే అనుకుంటరు. దాణా వదిలేసి గడ్డి తినుడు, బక్కగయ్యుడు, తిన్నంక కొద్దిపాటి కడుపునొప్పి, పట్టా బిగిస్తే కరవవచ్చుడు, పనికి సతాయించుడు, ఊకె ఆవలించుడు. గుర్రానికి కక్కుడు రాదు, దాని అన్నవాహిక కాడ బిగి అంత గట్టిగుంటది. కాబట్టి మన లెక్క పుల్లటి తేన్పు, వాంతి కోసం చూస్తే దొరకది. లద్దె నల్లగ రావాల్నని సుత లేదు.

గాని బక్కగైన గుర్రమల్లా అల్సర్ గుర్రం కాదు. నేను ఇది గట్టిగ చెప్పాలె. పండ్లు వంకర అరిగి నోరు కోసుకపోయినా దాణా వదిలేస్తది. కడుపుల పురుగులున్నా బక్కగైతది. మన దేశంల ఇంకోటి ఉన్నది, సర్రా. జోరీగలు కుట్టి రక్తంలకు ఎక్కించే పరాన్నజీవి. వచ్చిపోయే జ్వరం, రక్తం తగ్గుడు, కాళ్లకు నీరు, ఒళ్లు కరుగుడు. దానికి గ్యాస్ గోలీలు నెల రోజులు వేసుకుంట కూసుంటే గుర్రం పోతది. రక్తపరీక్ష చేయించాలె. ముక్కుల నుంచి చీము, ఒంటి మీద గడ్డలు కనిపిస్తే అది గ్లాండర్స్ కావొచ్చు. మనుషులకు సుత అంటుతది, ముట్టకుంట డాక్టర్‌ను పిలవాలె. గుర్రం చెమటలు కక్కి, నేల మీద పొర్లి, లద్దె వేయకుంట అయితే అది పేగు మెలి అయ్యుండొచ్చు, గంటలల్ల ప్రాణం పోతది. అప్పుడు గోలీ వెతకొద్దు. పశువుల అంబులెన్స్ 1962కు ఫోన్ కొట్టుండ్రి. పిల్ల గుర్రం పండ్లు పటపట కొరుకుతున్నా, చొంగ కారుస్తున్నా, వెల్లకిల పడుకుంటున్నా అదే తొందర కావాలె.

రాకుంట చూసుకునుడు మందుకంటె సులువు, చౌక సుత. బరువుల నూటికి రెండొంతులు రోజూ ఎండు మేత పడాలె. 265 కిలోల గుర్రానికి ఐదు కిలోల పైచిలుకు. అది ఒక్కసారి కాదు. ఆరు గంటలకంటె ఎక్కువ తొట్టి ఖాళీగ ఉండొద్దు, రాత్రి సుత. గడ్డి దగ్గర దగ్గర కండ్ల వలల కట్టి వేలాడదీస్తే పరక పరక గుంజుకొని ఎక్కువసేపు నములుతది. వరిగడ్డి ఒక్కటే వేస్తే పుండ్ల ముప్పు పెరుగుతది. చొప్ప, పచ్చిగడ్డి, కొంచెం లూసర్న్ కలపాలె. ఉలవలు, సెనగలు, మక్కలు, తవుడు తగ్గించాలె. వాటిల పిండి పదార్థం కడుపుల పులిసి మల్ల ఆమ్లమే అయితది. తప్పకపోతే ఒక్కసారి కుమ్మరియ్యకుంట మూడు నాలుగు పూటలకు పంచాలె. గుగ్గిళ్లు పెడితేనే గుర్రానికి బలం అనేది మన పట్టింపు. గుర్రానికి బలం గడ్డే. నీళ్లు ఎప్పుడూ ముందర ఉండాలె. వారంల కనీసం రెండు రోజులు పనికి సెలవు, ఆ రోజులు బయట వదిలిపెట్టుడు. ఇంకో గుర్రం కండ్లకు కనవడితే దానికి ధైర్యం, గుర్రం మంద జీవి.

ఆ బారాత్ గుర్రం సంగతి చెప్పలేదు కదా. నా మాట మీద కాదు గని, కాక దాన్ని పశువుల డాక్టర్‌కు చూపిచ్చిండు. పండ్లు చూసిండ్రు, రక్తం చూసిండ్రు, అవి బాగనే ఉన్నయి. పైపు కెమెరా లేదు కాబట్టి అల్సరే అని ఒట్టు వెట్టి చెప్పలేం. 28 రోజుల కోర్సు రాసిండ్రు, సూదులు బంద్ అన్నరు. పైసలు చూసి కాక మొదట గుండె పట్టుకున్నడు. సీజన్ అయిపోయిన నెల చూసుకొని కోర్సు చేయించిండు, రెండు బారాత్‌లు వదులుకున్నడు. మొన్న కలిసిన. గుర్రం గుగ్గిళ్లు మొత్తం తింటున్నదట, పట్టా గుంజితే చెవులు ఎన్కకు వేస్తది గని పండ్లు చాపుత లేదట. ట్రాలీల ఒక మూలకు గడ్డి వల కట్టిండు, పక్కన నీళ్ల బకెట్. పెండ్లోళ్లు గుర్రాన్ని సింగారిచ్చే గంట సేపు అది ఆ వలల మూతి పెట్టి నములుతనే ఉంటది. ఫోటోల గడ్డి వడ్తదని ఎవలో తీసెయ్యమన్నరట. "పిలగాడు ఎక్కినంక తీస్త" అన్నడట కాక.